హన్మవ్వ నీళ్లు పట్టిన నేల

హన్మవ్వ ఎవరింటికి వెళ్లినా ముందు మనుషులను పలకరించదు, నేల వైపు చూస్తుంది. గచ్చు ఎక్కడైనా సన్నగా చీలి ఉంటే వంగి వేలితో రాసి, "నీళ్లు సక్కగ పట్టలే" అంటుంది. ఎంతో ఖర్చు పెట్టి ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఆ మాట వింటే ఒళ్లు మండదా? మా గృహప్రవేశం నాడు కూడా అలాగే అంది. నాకు తిక్కరేగి భోజనం కూడా సరిగ్గా వడ్డించలేదు. రెండేళ్లకు మా వంటింటి గచ్చు పెంకులు పెంకులుగా లేచినప్పుడు మాత్రం నోరు మూసుకున్నాను.

ఆమె పుట్టింది పిట్లం పక్కన ఒక పల్లెలో. పెళ్లయి ఎల్లారెడ్డికి వచ్చిన దగ్గర నుంచి మేస్త్రీల వెంట కూలికి పోయింది. ఇటుకలు మోసింది, సిమెంటు మాలు కలిపింది, ఇసుక జల్లెడ పట్టింది. పేరు తెచ్చింది మాత్రం నీళ్లు పట్టే పని. స్లాబు పొద్దున పోస్తే సాయంత్రానికి మెల్లగా తడపాలి. మర్నాడు దాని మీద మట్టితో చిన్న చిన్న కట్టలు వేసి, వరిమడిలో నిలిపినట్టు నీళ్లు నిలపాలి. స్తంభాలకు గోనెసంచులు చుట్టి అవి ఆరకుండా చూడాలి. చూసేవాళ్లకు ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. అందుకే అందరూ ఎగ్గొట్టే పని ఇదే. హన్మవ్వ ఒక్కనాడూ ఎగ్గొట్టలేదు. "సిమెంటు పసిపిల్ల లెక్క బిడ్డా. దానికి దూపైతే ఏడుస్తది. మనకు ఇనరాదు, గంతే" అనేది.

కామారెడ్డి బస్సులో ఆమె పక్కన కూర్చుంటే మన పని అంతే. ఆ దవాఖాన తడిపింది నేనే, ఆ ఫంక్షన్ హాలు తడిపింది నేనే అని కిటికీలోంచి చూపిస్తూనే ఉంటుంది. భర్త చిన్న వయసులోనే పోతే, ఒక్క కొడుకును ఆ నీళ్ల పని మీదే పెంచింది. వాళ్లు చర్చికి పోయేవాళ్లు. బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేరు మార్చుకోమంటే, "పేరు మారిస్తే మేస్త్రి నన్ను యాడ గుర్తువడతడు" అని ఒప్పుకోలేదట. కొడుక్కి మాత్రం పాస్టరుగారు పెట్టిన పేరే ఉంచింది, యోబు అని.

యోబు మెకానిక్. కామారెడ్డి రోడ్డు మీద మా కిరాణా దుకాణానికి ఎదురుగానే అతని షెడ్డు. ట్రాలీ ఆటోలు, ట్రాక్టర్లు, పాత జీపులు వచ్చేవి. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సుత్తి చప్పుడు, వాడి కేకలు. ఒక్కోసారి నాకు తలనొప్పి పుట్టి, "ఏందిరా ఈ లొల్లి" అని ఇక్కడి నుంచే తిట్టేదాన్ని. "అక్కా, చాయ్ తాగుతవా" అని అక్కడి నుంచే అరిచేవాడు.

ఆ షెడ్డు నేల ఏనాడో వేసిన గచ్చు. ఏళ్ల తరబడి కారిన ఆయిలూ డీజిలూ తాగి తాగి నల్లబడింది. అక్కడక్కడ గుంతలు పడింది. పోయిన ఎండాకాలం యోబు ఒక ట్రాలీ ఆటో కింద పడుకుని పని చేస్తుంటే, ఆ జిడ్డు మీద జాకీ జారింది. బండి నడుము మీద పడింది. మేమందరం పరుగెత్తి బండి లేపాం. హైదరాబాదు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. నడుము కింద మాత్రం కదలిక రాలేదు, ఇక రాదని డాక్టర్లు చెప్పారు.

ఇంటికి వచ్చాక పరామర్శకు వచ్చినవాళ్లు వాడి తల తిన్నారు. ఒకడు పసరు మందు అంటాడు, ఒకామె ఉపవాస ప్రార్థన అంటుంది, ఇంకొకడు షెడ్డు కిరాయికి ఇచ్చి మంచంలో పడుకో అంటాడు. నాకు కడుపు మండి ఇద్దరు ముగ్గురిని గుమ్మంలోంచే పంపించేశాను. యోబు భార్య కృపాజ్యోతి మాత్రం ఎవరి మాటా చెవిన పెట్టలేదు. వడ్రంగితో ఒక చెక్క కోయించి, కింద బేరింగులు బిగించి చిన్న బండి చేయించింది. దాని మీద బోర్లా పడుకుని చేతులతో నేలను తోసుకుంటూ పోతే బండ్ల కిందికి వెళ్లొచ్చు, అక్కడ వెల్లకిలా తిరగొచ్చు. చేతులు బాగానే ఉన్నాయి కదా, పని చేతుల్లోనే ఉంది కదా అని ఆమె ఆలోచన.

ఒకనాడు దాని మీద యోబును షెడ్డులోకి దింపారు. నలుగురు గిరాకీలు నిలబడి చూస్తున్నారు. రెండు తోపులు తోశాడో లేదో బేరింగు గుంతలో ఇరుక్కుంది. బండి ఆగింది, మనిషి ఆగలేదు. మొహం నేరుగా ఆ నల్లటి జిడ్డులో పడింది. కాళ్లు రాని మనిషి తనంతట తాను లేవలేక అందులోనే మొహం అటూ ఇటూ తిప్పాడు. ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. ఎవరో నాకు తెలిస్తే ఈ రోజుకీ ఊరుకోను.

ఆ రోజు నుంచి యోబు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాట లేదు. అన్నం తినిపిస్తే నాలుగు ముద్దలు, లేకపోతే అదీ లేదు. తనంతట తాను ఇది కావాలని అడిగింది లేదు. ఒకసారి మాత్రం తల్లితో, "నన్నెందుకు బతికించి తెచ్చినవే అవ్వా" అన్నాడట. అప్పటి నుంచి వాణ్ని ఒంటరిగా వదల్లేదు. అత్త బయటికి పోతే కోడలు, కోడలు పోతే అత్త, ఇద్దరూ పోవాల్సి వస్తే నేను. ఎందుకు కాపలానో ముగ్గురిలో ఎవరమూ పైకి అనలేదు.

"అక్కా, ఆ నేల నున్నగైతే ఆయన బతుకుతడు" అంది ఒకరోజు కృపాజ్యోతి. గోడలకు రంగు వేసినట్టు నేలకు కూడా గట్టి పూత ఒకటి వేస్తారని, సదాశివనగర్‌లో నగేశ్ అనే పెయింటరు ఆ పని చేస్తాడని ఎవరో చెప్పారట. హన్మవ్వను యోబు దగ్గర కూర్చోబెట్టి మేమిద్దరం కామారెడ్డి పోయాం.

రంగుల దుకాణం యాకూబు భాయ్‌ది. ఆయనకు తొందర లేదు. షెడ్డులో ఏ బండ్లు వస్తాయి, నేల మీద ఏం కారుతుంది, ఎండ పడుతుందా అని అన్నీ అడిగాడు. ఒక్క డబ్బాలో వచ్చే మామూలు నేల రంగు చూపించి, ఇది వేడి టైరు కింద తోలులా ఊడిపోతుందన్నాడు. ఇంకోటి ఎండకు కూడా చెదరదుగానీ నీడలో ఉండే షెడ్డుకు అంత అవసరం లేదన్నాడు. చివరికి ఎపాక్సీ అని రెండు డబ్బాల రకం ముందు పెట్టాడు. ఒకటి రంగు, ఒకటి దాన్ని గట్టిపరిచే మందు. రెండూ కలిపాక ఆగే పని లేదు, గడ్డ కట్టేలోపు నేల మీద పరిచేయాలి. ఆయిలుకు, డీజిలుకు, పడేసిన ఇనుప పానాలకు తట్టుకుంటుంది.

"జారదు గదా అన్నా" అని అడిగింది కృపాజ్యోతి. యోబు మంచాన పడింది జారిన జాకీ వల్లే మరి.

"నున్నగుంటే జారుతది చెల్లె. పైన సన్న ఇసుక చల్లితే జారదు" అన్నాడు యాకూబు భాయ్.

ఇసుక చల్లితే బేరింగులు నడవవు. చల్లకపోతే జాకీ నిలవదు, నిలబడి పని చేసేవాళ్ల కాలు నిలవదు. కృపాజ్యోతి మొహం వాడిపోయింది. ఇంత దూరం వచ్చి ఇక్కడ కూడా దారి మూసుకుందా అనిపించింది నాకు. ఆఖరికి ఆయనే ఉపాయం చెప్పాడు. నడుమ బాట నున్నగా వదిలి, జాకీ పెట్టే పక్కలకూ గుమ్మం దగ్గరా మాత్రం ఇసుక చల్లమన్నాడు. డబ్బాలు సంచిలో పెడుతూ, వేశాక వారం పాటు నీళ్లు తగలనివ్వొద్దని చెప్పాడు. మేం తలూపాం. యాకూబు భాయ్‌కి తెలుసు, నగేశ్‌కు తెలుసు, మాకూ తెలుసు. ఇంటి దగ్గర ఉన్న హన్మవ్వకు కూడా చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

నగేశ్ వచ్చి నేల చూసి తల పట్టుకున్నాడు. ఆయిలు తాగిన గచ్చు మీద ఏ పూతా అంటదు. సోడా పొడి చల్లి, వేడినీళ్లు పోసి, ఇనుప బ్రష్షుతో రుద్ది కడిగారు. మళ్లీ కడిగారు. మెషిను తెచ్చి పై పొర గీకేశాడు. గుంతల్లో సిమెంటు నింపాడు. ఆ సిమెంటుకు నీళ్లు పట్టే పని హన్మవ్వ అడిగి మరీ తీసుకుంది. పొద్దునా సాయంత్రం వచ్చి, చిన్న చిన్న మట్టి కట్టలు వేసి, చెంబుతో పోసేది. "అవ్వా, నీ లెక్క తడిపేటోళ్లు ఇప్పుడు లేరు" అన్నాడు నగేశ్. కొడుకు పడిపోయిన తరువాత ఆమె మొహంలో కాస్త వెలుగు చూసింది నేను అప్పుడే.

తరువాత నేలను బాగా ఆరనిచ్చాడు. ప్లాస్టిక్ కవరు ఒకటి నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించి, మర్నాడు తీసి చూశాడు. లోపల చెమట పట్టి ఉంది. లోపల తడి ఉంటే పూత పొక్కులు పొక్కులుగా లేస్తుందని ఇంకా ఆగమన్నాడు. చలికాలం, ఎండ తక్కువ. ఇంట్లో ఒక మనిషి రోజురోజుకూ గోడకు అతుక్కుపోతుంటే నేల ఆరడం కోసం కూర్చోవడం ఎంత నరకమో చెప్పలేను. కృపాజ్యోతి కాలుగాలిన పిల్లిలా షెడ్డుకూ ఇంటికీ తిరిగేది.

ఒక సాయంత్రం పరుగున నా దుకాణానికి వచ్చింది. "అక్కా, ఆయన మాట్లాడిండు. నేల నున్నగైతది, అప్పుడు ఒక్కసారి బండి మీద పడుకొని చూడు అని నేనే అన్న. గోడ దిక్కు తిరిగే, చూద్దాం అన్నడు" అంది. ఆ ఒక్క మాటకే ఏడుస్తోంది. హన్మవ్వ ఆ రాత్రి చర్చిలో మోకాళ్ల మీద నుంచి లేవలేదట.

కవరు కింద చెమట పట్టని రోజు వచ్చింది. నగేశ్ ముందు పల్చటి పూత వేసి, అది ఆరాక, మర్నాడు మధ్యాహ్నానికల్లా అసలు పూత పూర్తి చేశాడు. బూడిద రంగు. చెరువు మీద గాలి లేనప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. వాసన పోవడానికి షట్టరు సగం ఎత్తి ఉంచాలన్నాడు. కుక్కలు, మేకలు వస్తాయని హన్మవ్వను గుమ్మం బయట కూర్చోబెట్టాడు. "అవ్వా, నువ్వు గూడ లోపల అడుగు పెట్టొద్దు, ఎవ్వల్ని పెట్టనియ్యొద్దు" అని గట్టిగా చెప్పి సదాశివనగర్ వెళ్లిపోయాడు.

ఆమె అడుగు పెట్టలేదు. పూత పని అయింది, సాయంత్రమవుతోంది. పెళ్లయిన నాటి నుంచి చేతులకు అలవాటైన వేళ. కొడుకు ప్రాణం నిలవాల్సిన నేల అది. దాన్ని ఎవరూ తడపలేదు. నగేశ్ కుర్రాడు, మరిచిపోయి ఉంటాడనుకుంది. గుమ్మానికి అడ్డంగా మట్టి కట్ట వేసింది. పక్కనున్న నల్లాకు పైపు తగిలించి, గుమ్మం బయటే నిలబడి, నీటి ధార నేలను పొడవకుండా వేలు అడ్డుపెట్టి, వాన తుంపరలా మెల్లగా చల్లింది. అన్ని మూలలకూ అందేలా చల్లింది. నీళ్లు నిలిచాక పైపు చుట్టి పెట్టి మళ్లీ కాపలా కూర్చుంది. దీపాల వేళ నా దుకాణంలో గిరాకీ ఎక్కువ. నేను తల ఎత్తి చూడలేదు.

పొద్దున కృపాజ్యోతి అరుపుకు నేను పరుగెత్తాను. నీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. వాటి కింద నేల పాలు విరిగినట్టు తెల్లగా, మచ్చలు మచ్చలుగా ఉంది. వేలు పెడితే జిగురు. గుమ్మం దగ్గర పూత తోలులా లేచి వస్తోంది. హన్మవ్వ మాత్రం మమ్మల్ని చూసి, "నేనే పోసిన బిడ్డా. లోపల అడుగు పెట్టలే" అంది, మెచ్చుకుంటామేమో అన్నట్టు.

నగేశ్ వచ్చి నీళ్లు తోడించి, బొటనవేలితో నొక్కి చూసి కింద కూర్చుండిపోయాడు. "పోయింది అక్కా. ఇది సిమెంటు కాదవ్వా, నీళ్లు తాగి గట్టివడదు. చలికి పూత ఇంక పచ్చిగనే ఉండె, దాని మీద నీళ్లు వడ్డయి. అంత గీకి తీసెయ్యాలె. నేల మళ్ల ఆరాలె. మళ్ల వెయ్యాలె."

కృపాజ్యోతి అత్తను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేల వైపు చూస్తూ, "చూద్దాం అన్నడు అత్తమ్మా. ఇగ అనడు" అంది. అంతే అంది.

హన్మవ్వ తన రెండు చేతుల వైపు చూసుకుంది. షెడ్డు వెనక ఉన్న ఇంటి సందులోకి నడిచింది. మేం డబ్బాల గురించి, మెషిను గురించి నగేశ్‌ను అడుగుతూ ఉండిపోయాం. కాసేపటికి చూస్తే ఆమె ఇంట్లో లేదు, చర్చిలో లేదు. చెరువు గట్టు వైపు మనుషులను పంపాను.  కట్టుకున్న చీరతో పోయింది, చెప్పులు కూడా గుమ్మంలోనే ఉన్నాయి.

ఇది యోబు చెవిన పడింది. గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "అవ్వ ఏది?" అన్నాడు. మంచం పట్టె పట్టుకుని సగం లేచాడు. "అవ్వ ఏదే? నన్ను షెడ్డు కాడికి తీసుకపోండ్రి. రోడ్డు మీద వచ్చే ప్రతి మనిషి నాకు కనవడాలె." నగేశ్, కృపాజ్యోతి కలిసి ఎత్తుకుపోయి షెడ్డు గుమ్మంలో కూర్చోబెట్టారు.

అప్పుడే ఒక ఆటో అతను చెప్పాడు, చెప్పుల్లేని ముసలామె పొద్దున కామారెడ్డి బస్సు ఎక్కిందని. చెరువు కాదని తెలిసి కాస్త ఊపిరి వచ్చింది. దుకాణం అలాగే వదిలేసి నేను తరువాతి బస్సు ఎక్కాను. దారి పొడవునా ఆమె తడిపిన ఇళ్లు, దవాఖాన, హాలు కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె ఎక్కడికి పోతుందో అవి చూస్తుంటేనే నాకు తెలిసింది. బస్సు దిగి నేరుగా కూలీల అడ్డా దగ్గరికి నడిచాను.

మధ్యాహ్నం దాటింది. అడ్డా మీద ఎవరూ లేరు. పని దొరికినవాళ్లు పొద్దున్నే పోయారు, దొరకనివాళ్లు ఇళ్లకు పోయారు. మూసిన దుకాణం అరుగు మీద హన్మవ్వ ఒక్కతే కూర్చుని ఉంది, వచ్చే పోయే ప్రతి బండి వైపూ చూస్తూ.

"ఈడేం జేస్తున్నవ్ అవ్వా?" పరుగున వెళ్లి అడిగాను.

"ఎవరన్న నీళ్లు పట్టనీకి పిలుస్తరేమో అని. ఆ డబ్బాలు మళ్ల తేవద్దా బిడ్డా? ఎవ్వలు పిలుస్తలేరు. ఇప్పుడు అందరికి మోటర్లు ఉన్నయంట." రెండు చేతులూ చాపి, "నా కొడుకు నేలను నా చేతులతోనే చంపుకున్న" అంది.

నాకు ఆమె మీద కోపం, ఆ అడ్డా మీద కోపం, లోకం మీద కోపం. ఆమెను పట్టుకుని రోడ్డు పక్కన ఏడ్చాను. ఇంటికి రానంది. కొడుకు మొహం చూడలేనంది. చేయి పట్టి లాక్కుని బస్సు ఎక్కించాను. ఎల్లారెడ్డి దాకా ఒక్కసారి కూడా కిటికీ వైపు చూడలేదు.

బస్సు దిగేసరికి దీపాల వేళ అయింది. షెడ్డు షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. గీకుడు చప్పుడు. యోబు నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. లప్పం పెట్టే రేకుతో తెల్లబడ్డ పూతను ముక్కలు ముక్కలుగా లేపుతున్నాడు. మోచేతుల మీద ముందుకు జరుగుతూ, గీకుతూ, మళ్లీ జరుగుతూ. గుమ్మం దగ్గర నుంచి నడుమ దాకా పాత గచ్చు బయటపడింది. మోచేతులు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. వద్దన్నా వినలేదని, బస్సు బస్సుకూ తల ఎత్తి చూస్తూ పొద్దటి నుంచీ ఇదే పని అని కృపాజ్యోతి నా చెవిలో చెప్పింది.

హన్మవ్వ రోడ్డు అంచునే ఆగిపోయింది. యోబు తల ఎత్తి చూశాడు. రేకు కింద పెట్టాడు. 

"యాడికి వోయినవే?" అన్నాడు.  "బాయిలనో చెర్లనో వడ్డవనుకున్న. నువ్వు వోతే నేను ఎవల కోసం ఉండాలె?"

"మళ్ల డబ్బాలు తెద్దామని వోయిన కొడుకా. ఎవ్వలు పని ఇయ్యలే."

యోబు జిగురూ రక్తమూ అంటిన చేతులను అంగీకి తుడుచుకున్నాడు. నేల పాడైంది. మళ్లీ ఎప్పటికి ఆరుతుందో, పూత మళ్లీ ఎప్పుడు పడుతుందో, పడ్డా నిలుస్తుందో లేదో మాలో ఎవరికీ తెలియదు. కాళ్లు రావని మాత్రం అందరికీ తెలుసు.

"లోపలికి రా అవ్వా" అన్నాడు. "ఆకలైతుంది. జెర రొట్టె చేసి పెట్టు. తిని, పొద్దువోకముందే ఇంకో మూల గీకాలె."

పొద్దు ఎప్పుడో పోయింది. ఆ మాట మాలో ఎవరమూ అతనికి చెప్పలేదు. హన్మవ్వ పిండి కోసం ఇంట్లోకి పరుగెత్తింది.